ఉచితంగా పాట వినడం మీద ఆంక్షలు పెడితే పాటల అమ్మకం పెరుగుతుందా?

దేవరకొండ దిక్కు జానపద పాటల చానల్ నడిపే ఒకరి ప్రశ్న ఇది: "పాటల యాప్‌లన్నీ ఒక్కొక్కటే ఊకెనే వినుడు బంద్ పెడుతున్నయి. ఇగ జనం పైసలు పెట్టి పాటలు కొంటరా? మేం గూడ మా పాటలు యూట్యూబ్‌ల పెట్టుడు ఆపి, పైసలు కట్టినోళ్లకే వినిపిస్తే మాకు లాభమేనా? వినేటోళ్లు ఏం చెయ్యాలె?"

కొనరు. వేల పాటల హక్కులు చేతిలో ఉన్న పెద్ద కంపెనీలకు ఆంక్షల వల్ల నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏడాదికి పదో పదిహేనో పాటలు తీసేవాళ్లకు మాత్రం అవే ఆంక్షలు నష్టం చేస్తాయి. ఎందుకో తెలియాలంటే ఈ ఆంక్షలు ఎలా పుట్టాయో ముందు చూడాలి.

యాప్ ఉచితంగా వినిపించినా పాట హక్కుదారుకు డబ్బు కట్టాల్సిందే. ఒప్పందాల్లో మామూలుగా రెండు లెక్కలు రాసుకుంటారు. ఒకటి రాబడిలో వాటా, రెండోది వినికిడికి (అంటే పాట ఒకసారి వింటే) ఇంత అని కనీస ధర లేదా ముందే ఇచ్చే గ్యారంటీ సొమ్ము. రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఉచితంగా వినేవాడి దగ్గర ప్రకటనల మీద వచ్చేది తక్కువ, వాడు వినేదేమో ఎక్కువ. అంటే ఎంత ఎక్కువ వింటే యాప్‌కు అంత నష్టం. రేడియోలాగా చట్టం ప్రకారం తేల్చిన ధర కట్టి పాటలు వాడుకుంటామన్న దారి కూడా మూసుకుపోయింది. పాటల కంపెనీ టిప్స్, ఎయిర్‌టెల్ పాటల యాప్ వింక్ మధ్య నడిచిన కేసులో 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు, కాపీరైట్ చట్టంలోని 31డి సెక్షన్ ఇంటర్నెట్ పాటల యాప్‌లకు వర్తించదని తేల్చింది. అప్పటి నుంచి పాటల కంపెనీ చెప్పిన షరతుకు తలూపడం తప్ప యాప్‌కు దారి లేదు. 2023 మార్చిలో ఒప్పందం కుదరక జీ మ్యూజిక్ కంపెనీ పాటలు స్పాటిఫై యాప్ నుంచి కొన్నాళ్లు మాయమైంది ఇందుకే.

ఉచితానికి గేటు వేయడం మన దగ్గర పుట్టిన పని కాదు. 2011లో స్పాటిఫై యూరప్‌లో ఉచిత శ్రోతలకు నెలకు 10 గంటలు, ఒక పాట మొత్తం 5 సార్లు అని హద్దు పెట్టింది. అదే ఏడాది జూన్‌లో ఫ్రాన్స్‌లో డీజర్ అనే యాప్ నెలకు 5 గంటలు అంది. స్పాటిఫై తర్వాత ఆ హద్దులు తానే ఎత్తేసింది. గంటలు లెక్కపెడితే శ్రోత డబ్బు కట్టడు, ఇంకో చోటికి పోతాడు. అందుకే కొత్త రకం ఆంక్ష వచ్చింది: ఎన్ని గంటలైనా విను, కానీ కావాల్సిన పాట కావాల్సినప్పుడు పెట్టుకోలేవు. 2023 అక్టోబర్‌లో స్పాటిఫై ఇండియాలో చేసింది ఇదే. ఉచిత శ్రోతకు పాటల వరుస, వెనక్కి పోవడం, మధ్యలోకి జరపడం, మళ్లీ మళ్లీ వినడం తీసేసింది. 2025 సెప్టెంబర్‌లో కోరిన పాట నేరుగా పెట్టుకునే వీలు ఉచిత శ్రోతలకు ఇస్తున్నట్టు మళ్లీ ప్రకటించింది. గానా యాప్ 2022లో పూర్తిగా చందా బాట పట్టింది. రెసో యాప్ 2023 మేలో ఉచితం ఆపేసి, 2024 జనవరి ఆఖరుకు ఇండియాలో దుకాణమే కట్టేసింది. వింక్ మూసేస్తున్నట్టు 2024 ఆగస్టులో ఎయిర్‌టెల్ చెప్పింది. ఉచితం తీసేసిన యాప్‌కు జనం వెంటపడి డబ్బు కడతారన్నది నిజమైతే ఈ వరుస ఇలా ఉండేది కాదు.

ఇక అమ్మకాలు. ఆంక్షల వల్ల అమ్మకం పెరిగిన సందర్భాలు లేకపోలేదు. ఇంగ్లండ్ గాయని అడెల్ 2015 నవంబర్‌లో కొత్త ఆల్బమ్‌ను యాప్‌లకు ఇవ్వకుండా ఆపితే, ఒక్క అమెరికాలోనే మొదటి వారంలో 33 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అక్కడ అప్పటికి సీడీ దుకాణం బతికి ఉంది, పాటను ఫైలుగా కొనే అలవాటు ఉంది, ఆమె కోసం ఎదురుచూసే జనం కోట్లలో ఉన్నారు. మూడూ ఉంటేనే ఆ పాచిక పారుతుంది. మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ పేరుతో పాటల ఫైళ్లు అమ్మడం మొదలుపెట్టి, 2013 జూన్‌లో ఆపేసింది. చిన్న చిన్న మొత్తాలు కట్టే సులువు దారి అప్పుడు లేదు, పక్కనే దొంగ ఎంపీ3 సైట్లు ఉన్నాయి. మన జనం నిజంగా డబ్బు పెట్టిన డిజిటల్ పాట కాలర్ ట్యూన్ ఒక్కటే. బ్యాలెన్స్ నుంచి దానంతట అదే కోసుకునేది కాబట్టి నడిచింది. అడగకుండా కోసుకోవద్దని, రెండుసార్లు ఒప్పుకోలు తీసుకోవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టాక పడిపోయింది. జియో దాన్ని ఉచితంగా ఇచ్చాక పూర్తిగా సల్లబడింది.

కాబట్టి మన దగ్గర అమ్మకం అంటే చందా, ప్రకటనల వాటా, ఆఖరున చెప్పబోయే పెన్‌డ్రైవ్. చందా లెక్క ఒకసారి వేసి చూద్దాం. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో ఇండియాకు వచ్చినప్పుడు నెల ధర 119 రూపాయలు. 18 శాతం జీఎస్టీ తీస్తే 101 మిగులుతుంది. అందులో మూడింట రెండు వంతులు హక్కుదారులకు పోతుందనుకుంటే 67 రూపాయలు. ఆ మనిషి నెలలో 20 గంటలు, ఒక్కోటి 5 నిమిషాల పాట వింటే 240 వినికిళ్లు. పాటకు 28 పైసలు. ఇక ఉచితంగా వినేవాడి మీద ప్రకటనల ద్వారా నెలకు 5 రూపాయలు వచ్చాయనుకోండి. ఇది లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే. అదే వాటా, అదే వినికిడి పెడితే పాటకు పైసన్నర కూడా రాదు. డబ్బు కట్టేవాడు ఒక్కడు ఉచితంగా వినే 20 మందికి సమానం అన్నమాట.

వెయ్యి మంది ఉచితంగా వింటుంటే గేటు వేశారనుకోండి. 50 మంది చందా కడితే హక్కుదారుల సంచిలోకి వచ్చే డబ్బు మారదు. 100 మంది కడితే రెండింతలు. 30 మందే కడితే వంద రూపాయల్లో 40 పోయినట్టే. పెద్ద కంపెనీ ఈ పందెం ఆడగలదు, ఎందుకంటే ఆ 50 మందీ ఏ పాట విన్నా ఎక్కడో ఒకచోట దాని పాటే తగులుతుంది.

మీకు అట్లా కాదు. యాప్‌లో డబ్బు పంచేది మనిషి లెక్కన కాదు, మొత్తం వినికిడిలో వాటా లెక్కన. నెలలో జరిగిన వినికిళ్లన్నిటిలో మీ పాటలవి ఎంత శాతమో అంత మీకు. చందాల సంచి వేరు, ప్రకటనల సంచి వేరు. గేటు వేసినప్పుడు బయటికి పోయేది ఎవరు? పత్తి ఏరేటప్పుడు ఫోన్ గట్టున పెట్టి వినే ఆడవాళ్లు, ఆటోవాళ్లు, ట్రాక్టర్ డ్రైవర్లు, ఇంటర్, డిగ్రీ పిల్లలు. మీ పాట వినేది వాళ్లే. లోపల మిగిలేది ఎక్కువగా సినిమా పాట, హిందీ, ఇంగ్లిష్ పాట వినేవాళ్లు. మొత్తం సంచి పెరిగినా అందులో జానపదం వాటా తగ్గుతుంది. "మ్యూజిక్ ఇండస్ట్రీ రాబడి పెరిగింది" అన్న వార్త చదివి మన దగ్గరి పాటగాళ్లు అయోమయంలో పడేది ఇక్కడే. ఆ వార్త నిజమే, అయినా వాళ్ల రాబడి తగ్గడమూ నిజమే.

దీనికి తోడు 2024 నుంచి స్పాటిఫైలో ఇంకో నిబంధన ఉంది. గడిచిన 12 నెలల్లో వెయ్యి వినికిళ్లు దాటని పాటకు రికార్డింగ్ రాబడి లెక్కలోకే రాదు. 30 సెకన్లు వింటేనే ఒక వినికిడి. ఉచిత శ్రోత పోతే చిన్న పాట ఈ గీత దాటడమే కష్టం. అసలు మీ ఇంటి పొయ్యి వెలిగేది యాప్ డబ్బుతో కాదు, ప్రోగ్రాంలతో. బరాత్, గణేశ్ మండపం, బతుకమ్మ, జాతర, ఎన్నికల పాట. పిలిచేవాళ్లు చూసేది యూట్యూబ్‌లో ఎంతమంది చూశారనే. పాట దాచుకుంటే ఆ పిలుపు కూడా పోతుంది. అందుకని మీ రెండో ప్రశ్నకు నా జవాబు గట్టిగా వద్దనే.

ఆంక్షల వల్ల ఇంకో దెబ్బ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బీరప్ప కథో మల్లన్న కథో ఒగ్గు కథను పది భాగాలు చేసి యాప్‌లో పెట్టారనుకోండి. యాప్ వరుస మార్చి వినిపిస్తే ఉచిత శ్రోతకు మొదట ఏడో భాగం, తర్వాత ఏదో సినిమా పాట, ఆ తర్వాత రెండో భాగం వస్తాయి. కథ పెండ్లి నుంచి పుట్టుకకు నడుస్తుంది. ముసలివాళ్లు రెండు నిమిషాలు విని ఆపేస్తారు. గంట కథను ఒకే ట్రాక్‌గా పెడితే వరుస చెడదు కానీ, గంట విన్నా ఒక్క వినికిడే. పది ముక్కలైతే పది. రాబడి కావాలంటే ముక్కలు, కథ నిలవాలంటే ఒకటే. మధ్యే మార్గంగా చేయదగ్గది ఇది: పూర్తి కథను యూట్యూబ్‌లో ఒకే వీడియోగా పెట్టి, కింద వివరణలో ప్రతి ఘట్టానికీ సమయం గుర్తులు రాయండి. మొదటి గుర్తు 0:00 నుంచే ఉండాలి, కనీసం మూడు గుర్తులుండాలి, ఒక్కో ఘట్టం 10 సెకన్లకు తక్కువ ఉండకూడదు. లేకపోతే ఘట్టాలుగా విడిపోదు. యాప్‌లకు మాత్రం కథలోని విడిగా నిలబడే పాటలు, దరువులు నాలుగైదు తీసి ఇవ్వండి. ఇంకా భాగాలుగానే పెట్టాలనుకుంటే ప్రతి దాని పేరులోనూ "1వ భాగం" అని ముందే రాయండి. పేరు చివర రాస్తే చిన్న తెర మీద కనబడదు.

వినేవాళ్ల సంగతికి వస్తే, ఉచితం తగ్గినప్పుడు వాళ్లు పోయేది యూట్యూబ్ వీడియోకు. అక్కడ ఖర్చు డబ్బులో కనబడదు, డేటాలో కనబడుతుంది. 128 కేబీపీఎస్ ఆడియో గంటకు 58 ఎంబీ, 320 అయితే 144 ఎంబీ. అదే 480పీ వీడియో అయితే గంటకు అర జీబీ దాకా పోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో మూడు గంటలు వీడియో పాటలు పెడితే సాయంత్రానికి నెట్ పాకుతుంది. పైగా ఉచిత యూట్యూబ్‌లో తెర ఆరితే పాట ఆగుతుంది, తెర వెలిగించి ఉంచితే బ్యాటరీ దిగుతుంది. పాట మాత్రమే కావాలనుకుంటే వీడియో సెట్టింగ్‌లో క్వాలిటీని 144పీకి దించండి. జానపదానికి, డప్పుకు చెవి పెద్ద తేడా పట్టదు, డేటా చాలా మిగులుతుంది.

చందా కట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది, ఫోన్‌లోకి దించుకున్న పాట సొంతం కాదు. ఆ ఫైలు యాప్ తాళం వేసిన ఫైలు. చందా ఆగితే ఉన్నా పాడదు. స్పాటిఫైలో అయితే 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కు కలపాలి, లేకపోతే దించుకున్నవన్నీ పోతాయి. నల్లమలలోని ఊర్లలో సిగ్నల్ లేనివాళ్లకు ఇది ఇబ్బందే. అచ్చంపేటకు సంతకు పోయినప్పుడు యాప్ ఒకసారి తెరిచి రెండు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ఫోన్ నిండిపోతే యాప్ సెట్టింగుల్లో నిల్వ చోటును మెమరీ కార్డుకు మార్చుకోవచ్చు. మార్చాక కార్డు తీస్తే మళ్లీ మొదటి నుంచి దించుకోవాలి.

రెండు రూపాయలకు నెల ట్రయల్ అనే చోట ఆటోపే ఒప్పించుకుంటారు. నెల తిరగ్గానే పూర్తి ధర కోసుకుంటుంది. కోతకు 24 గంటల ముందు కబురు రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన, కానీ ఆ మెసేజ్ చదివేది ఎవరు? ట్రయల్ మొదలుపెట్టిన రోజే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి పోయి రద్దు చేయండి. చాలా యాప్‌లలో ట్రయల్ గడువు దాకా పాటలు వస్తూనే ఉంటాయి. ఫోన్‌లోంచి యాప్ డిలీట్ చేసినంత మాత్రాన ఆటోపే ఆగదు, ఈ పొరపాటు అందరూ చేస్తారు. ఇక యాప్ మూతపడుతుందని కబురు వస్తే మీ పాటల జాబితాను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వింక్, రెసో మూతపడ్డప్పుడు చాలామందికి పోయింది పాటలు కాదు, ఏళ్ల తరబడి ఏర్చి పెట్టుకున్న జాబితాలు.

"ప్రీమియం ఉచితం" అని వాట్సాప్‌లో తిరిగే మార్చిన ఏపీకే ఫైళ్లు దయచేసి వేసుకోవద్దు. ఖాతా మూసేయడం చిన్న నష్టం. అదే ఫోన్‌లో యూపీఐ ఉంటుంది, అది మరిచిపోవద్దు.

మీరు చేయాల్సిన పని ఇప్పుడు చెప్తాను. పాట యూట్యూబ్‌లోనూ, అన్ని యాప్‌లలోనూ ఒకే రోజు రావాలి. యాప్‌లకు నేరుగా ఇవ్వలేరు, డిస్ట్రిబ్యూటర్ (పాటను అన్ని యాప్‌లకు చేర్చే కంపెనీ) ద్వారా ఇవ్వాలి. ఆడియో వావ్ (WAV) ఫైలుగా, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ తక్కువ కాకుండా ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఎంపీ3ని వావ్‌గా మార్చి పంపితే శబ్దం బాగుపడదు, తాళాలు, గజ్జెలు గరగరమంటాయి. ముఖచిత్రం 3000 పిక్సెళ్ల చదరం. పాటగాడి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ప్రతిసారీ ఒకే స్పెల్లింగ్. ఒక పాటకు ఒక రకంగా, ఇంకో పాటకు ఇంకో రకంగా రాస్తే యాప్‌లో ఇద్దరు మనుషులై వినికిళ్లు చీలిపోతాయి. భాష దగ్గర తెలుగు అని పెట్టడం మరిచిపోతే తెలుగు శ్రోతకు పాట చూపించకపోవచ్చు. విడుదలకు మూడు నాలుగు వారాల ముందే పంపండి. స్పాటిఫై ప్లేలిస్టులకు పరిశీలన కోరాలంటే కనీసం 7 రోజుల ముందు అడగాలి. బతుకమ్మ పాట ఎంగిలిపూల నాటికి జనం నోళ్లలో నానాలంటే వినాయక చవితి వేళకే బయటికి రావాలి. చాలామంది సద్దుల బతుకమ్మ వారంలో వదిలి, పాట బాగున్నా నడవలేదని బాధపడతారు.

యూట్యూబ్‌లో పెద్ద వీడియోల దారిన ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. పెద్ద వీడియో మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం చానల్‌ది, షార్ట్స్‌లో 45 శాతం. షార్ట్స్‌లో పల్లవి ముక్క వదలడం పూర్తి పాటకు దారి చూపడానికే, రాబడి కోసం కాదు. ఇక్కడ గొడవంతా కంటెంట్ ఐడీ (ఒకరి పాట ఇంకొకరి వీడియోలో ఉంటే యూట్యూబ్ తనంతట తానే గుర్తుపట్టే ఏర్పాటు) దగ్గర వస్తుంది. అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న బాణీని మీరు రికార్డ్ చేసి, డిస్ట్రిబ్యూటర్ దగ్గర కంటెంట్ ఐడీ పెట్టెలో టిక్ కొడితే, అదే బాణీ పాడిన పక్క ఊరి చానల్ మీద కాపీరైట్ క్లెయిమ్ పడవచ్చు, లేదా వాళ్లది మీ మీద పడవచ్చు. కొన్న బీట్ లూప్ వాడినా అంతే, ఆ లూప్ వందమంది దగ్గర ఉంటుంది. మాట, బాణీ, వాయిద్యం మూడూ మీవే అయిన పాటకే ఆ టిక్ పెట్టండి.

రాసినవాళ్లతో, పాడినవాళ్లతో కాగితం రాసుకోండి, తెలుగులో ఒక్క పేజీ చాలు. పాట పేరు, ఎవరు ఏం చేశారు, ఇచ్చిన మొత్తం, తేదీ, సంతకాలు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత రచయిత, బాణీకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసివ్వడానికి వీల్లేదు, రాయించుకున్నా చెల్లదు. రచయిత, బాణీకర్త ఐపీఆర్ఎస్‌లో (వాళ్ల రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం) సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేసుకుంటే ఆ వాటా వేరుగా వస్తుంది. నమోదు చేయని పాట డబ్బు ఎవరిదో తేలక అక్కడే ఆగిపోతుంది. మన ప్రాంతంలో మంచి మంచి రచయితలు ఈ ఒక్క పని చేయకనే నష్టపోతున్నారు.

చివరికి, మన దగ్గర బతికున్న అసలు అమ్మకం పెన్‌డ్రైవ్. మెమరీ కార్డులో సినిమా పాటలు ఎక్కించి అమ్మడం నేరం. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. మీ సొంత పాటలు అమ్ముకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెరువుగట్టు, కురుమూర్తి, పెద్దగట్టు జాతరల్లో ఆటోవాళ్లు, ట్రాక్టర్లవాళ్లు, డీజేవాళ్లు కొనేది ఇదే. 8 లేదా 16 జీబీది తీసుకోండి. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ (exFAT) అనే ఫార్మాట్‌లో వస్తాయి, పాత ఆటో డెక్ వాటిని చదవకపోవచ్చు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. పాటలు ఎంపీ3లోనే ఉండాలి, ఎం4ఏ అయితే చాలా డెక్‌లు దాటేసి పోతాయి. 5 నిమిషాల పాట 320 కేబీపీఎస్‌లో 12 ఎంబీ, 100 పాటలు 1.2 జీబీ. ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 001, 002 అని వరుస అంకె వేసి పెట్టండి. తెలుగు అక్షరాల పేరు డెక్ తెర మీద గడులు గడులుగా కనబడుతుంది. కంప్యూటర్‌లో ఉన్న పాటలన్నీ ఒకేసారి ఎంచి లాగి పడేస్తే, కొన్ని డెక్‌లు పేరు వరుస కాకుండా ఎక్కించిన వరుసలో పాడతాయి. అందుకని ఒగ్గు కథ భాగాలైతే ఒక్కొక్కటే వరుసగా ఎక్కించండి. కవర్ మీద మీ చానల్ పేరు, యూపీఐ క్యూఆర్, ప్రోగ్రాంలకు పిలవాల్సిన నంబర్ అచ్చు వేయండి. అన్నీ ఎక్కించాక ఒకటి తీసి పాత ఆటో డెక్‌లో పెట్టి, మొదటి పాట, మధ్య పాట, ఆఖరి పాట విని చూశాకే మిగతావి కాపీ చేయండి.